గంటకు ఎన్ని బండ్లు నడుస్తాయో తేలాకే పొడిగింపు

మీ నగరం పెరుగుతోందని, చేతిలో ఉన్న నిధులతో సబర్బన్ రైలు మార్గాన్ని శివార్లలోకి పొడిగించడం మేలా, నగరం లోపల కొత్తగా లైట్ రైల్ (ట్రాములా వీధుల్లోనూ నడవగల చిన్న రైలు) వేయడం మేలా అని మీరు అడిగారు. నేను ఇంజనీరును కాను. 9 ఏళ్లు సబర్బన్ రైలులో, ఆ తర్వాత 5 ఏళ్లుగా ఆ రైలు దిగి లైట్ రైల్ ఎక్కి ఉద్యోగానికి వెళ్తున్న మామూలు ప్రయాణికుణ్ణి. నా అభిప్రాయంలో, గంటకు ఎన్ని బండ్లు నడుస్తాయో తేలేదాకా ఏ మార్గం పొడవు గురించి మాట్లాడుకున్నా దండగే.

మా శివారుకు రైలు వచ్చిన ఏడాది నేను సంబరపడి నెలవారీ పాసు తీసుకున్నాను. ఉదయం నగరంవైపు 4 బండ్లు, సాయంత్రం తిరిగి 4 బండ్లు ఉండేవి, మధ్యాహ్నం ఏమీ ఉండేది కాదు. మొదటి నెలలోనే ఒకరోజు పాపకు జ్వరమని బడి నుంచి ఫోను వచ్చి పన్నెండున్నరకు బయలుదేరవలసి వస్తే, తర్వాతి బండి సాయంత్రం 4:40కి అని బోర్డు మీద కనిపించింది. ఆ రోజు టాక్సీకి పెట్టిన ఖర్చు మరిచిపోయాను గాని, అలాంటి రోజు మళ్లీ వస్తుందన్న బెంగ మాత్రం పోలేదు. ఏడాది తిరగకుండానే సొంత బండి కొన్నాను. మా వీధిలో చాలామంది అదే పని చేశారు. ఆ తర్వాత స్టేషను దగ్గర పార్కింగ్ సగం ఖాళీగా ఉంటోంది కాబట్టి ఈ మార్గానికి గిరాకీ లేదని అధికారులు లెక్క తేల్చారు.

బండ్లు ఎందుకు పెంచరో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. చివరి 18 కిలోమీటర్లు సింగిల్ లైను, మధ్యలో ఎదురెదురు బండ్లు దాటుకోవడానికి అప్పట్లో ఒక్క క్రాసింగ్ స్టేషను కూడా ఉండేది కాదు. ఆ దూరానికి 25 నిమిషాలు పడుతుంది కనుక, వెళ్లిన బండి తిరిగి వచ్చేసరికి సుమారు గంట గడిచిపోయేది, అందాకా ఇంకో బండిని పంపలేకపోయేవారు. అదే లైను మీద గూడ్సు బండ్లు కూడా తిరుగుతాయి. సరిగ్గా మధ్యలో ఉన్న స్టేషనులో రెండో లైను, రెండో ప్లాట్‌ఫారం వేశాక, కొత్తగా ఒక్క కిలోమీటరు కూడా పొడిగించకుండానే, పగలంతా అరగంటకు ఒక బండి నడపడం వీలైంది. నేను మళ్లీ పాసు తీసుకున్నది అప్పుడే. స్విట్జర్లాండ్‌లో 1982లో దేశమంతటా బండ్లను ప్రతి గంటా ఒకే నిమిషానికి నడిపే పద్ధతి పెట్టారు. 1990లో జ్యూరిచ్ తన సబర్బన్ రైళ్లను అదే క్రమబద్ధతతో, రైలు, ట్రామ్, బస్సు అన్నింటికీ చెల్లే ఒకే టికెట్టుతో మొదలుపెట్టింది. టైమ్‌టేబుల్ ముందు గీసుకుని, దానికి ఎక్కడ రెండో లైను కావాలో చూసి అక్కడ మాత్రమే వేయడం వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గ విషయం.

లైట్ రైల్ సంగతి వేరు. నేను ఎక్కే మార్గంలో సగ భాగం ప్రత్యేకమైన దారి, మిగతా సగం కార్లతో కలిసి వెళ్లే వీధి. మొదటి సగంలో గడియారం చూడనక్కర్లేదు, రెండో సగంలో మాత్రం ఎప్పుడు చేరతామో డ్రైవరుకే తెలియదు. పట్టాలు ఉన్నంత మాత్రాన వేగం రాదు. వేరుగా దారి ఉండాలి, కూడళ్లలో సిగ్నలు రైలుకు ముందుగా పచ్చ చూపాలి. అమెరికాలోని శాన్ డియేగో 1981లో అప్పటికే ఉన్న గూడ్సు రైలు మార్గాన్ని తీసుకుని, పగలు లైట్ రైల్, రాత్రి గూడ్సు బండ్లు నడిపింది. జర్మనీలోని కార్ల్స్‌రూహె 1992లో ఇంకొక అడుగు వేసి, వీధిలో 750 వోల్టుల మీదా, పెద్ద రైలు మార్గంలో 15,000 వోల్టుల మీదా నడిచే ట్రాములను తెచ్చింది. దాంతో ఊరి బయట ఎక్కినవాళ్లు మధ్యలో దిగకుండానే నడిబొడ్డున దిగగలిగారు. అయితే ప్లాట్‌ఫారం ఎత్తు, చక్రాల కొలతలు, భద్రతా నియమాలు అన్నీ కలిసిరావాలి గనుక ఇది అన్నిచోట్లా కుదిరే పని కాదు.

నగరం మధ్యలో రైళ్లు ఆగిపోయి వెనక్కి తిరిగే స్టేషను మీకు ఉంటే, అక్కడి ఇరుకును కూడా లెక్కలోకి తీసుకోండి. డ్రైవరు ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి వచ్చేదాకా ఆ ప్లాట్‌ఫారం ఇంకో బండికి దొరకదు. మ్యూనిక్ 1972లో నడిబొడ్డు కింద సొరంగం తవ్వి ఇరువైపుల శివారు మార్గాలను కలిపింది. లండన్‌లో 2022లో తెరిచిన ఎలిజబెత్ లైను కూడా అదే పని చేస్తోంది. ఖరీదైన పనే, కాని శివార్లలో మీరు ఎన్ని లైన్లు వేసినా అవన్నీ వచ్చి చేరేది ఆ ఇరుకులోకే.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: ఉన్న మార్గంలో పగలంతా కనీసం అరగంటకు ఒక బండి లేకపోతే ముందు దానికే ఖర్చు పెట్టాలి. అది ఉంటే, ఎక్కువమంది దిగే స్టేషను నుంచి లైట్ రైల్ మొదలుపెట్టాలి, పొడిగింపు ఆ తర్వాతే. ఆ స్టేషనులో రెండూ ఒకే ప్లాట్‌ఫారానికి అటూ ఇటూ ఆగేలా కట్టమని ఇప్పుడే అడగండి. మా దగ్గర రెండింటికీ మధ్య 400 మీటర్ల నడక, ఒక పాదచారుల వంతెన ఉన్నాయి. వాన పడే సాయంత్రాల్లో నా కళ్లముందే బండి కదిలిపోవడం ఇప్పటికీ నెలకు రెండుమూడుసార్లు జరుగుతుంది.