శనివారం రక్తపరీక్షకి వెళ్ళేముందు

చి. స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

జుట్టు ఎందుకు ఊడుతోందో తేల్చుకోడానికి శనివారం రక్తపరీక్షకి వెళ్తున్నావని అమ్మ చెప్పింది. పదిమంది చెప్పే నూనెలు పట్టుకు తిరక్కుండా ఆ దారి పట్టావు, నాకెంతో గర్వంగా ఉంది. కానీ నెలరోజులుగా బయోటిన్ అనే విటమిన్ మాత్ర వేసుకుంటున్నావట. ఈ ఉత్తరం దానికోసమే.

అది ఇవాళే ఆపెయ్. మన ఒంటికి రోజుకి కావలసింది 30, 40 మైక్రోగ్రాములు. జుట్టు కోసమని అమ్మే మాత్రల్లో చాలావాటిలో 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాములుంటుంది. మిగిలింది మూత్రంలో పోతుందిలే అనుకుంటారు. పోయేలోపే పరీక్షని చెడగొడుతుంది. హార్మోన్లు కొలిచే యంత్రాల్లో చాలావాటికి బయోటినే జిగురులా పనిచేస్తుంది. రక్తంలో అది ఎక్కువైతే థైరాయిడ్ గ్రంథిని నడిపే హార్మోను టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, ఆ గ్రంథి వదిలే హార్మోను టీ4 ఎక్కువగా కనిపిస్తాయి. థైరాయిడ్ మందగించిన పిల్లకి అంతా బాగుందని రిపోర్టొస్తుంది. ఏమీ లేని పిల్లకి థైరాయిడ్ ఎక్కువైందని లేనిపోని మందులు మొదలవుతాయి. 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిమీద హెచ్చరిక కూడా ఇచ్చింది. రక్తం తీసేవాళ్ళు అడుగుతారని చూడకు, నువ్వే చెప్పు. మల్టీవిటమిన్ సీసా మీద బి7 అని ఉన్నా అదే. మాత్రకీ పరీక్షకీ మధ్య కనీసం మూడు రోజులుండాలి. లేకపోతే పరీక్ష వచ్చే వారానికి మార్చుకో, కొంపలేం మునిగిపోవు.

రక్తకణాలు లెక్కపెట్టే సీబీసీ, టీఎస్‌హెచ్, బి12, విటమిన్ డి ఎలాగూ రాస్తారు. ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష రాయకపోతే అడిగి రాయించుకో. హిమోగ్లోబిన్ 12 ఉన్నా ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటి ఉండొచ్చు. ఫెర్రిటిన్ 15 వస్తే చాలా ల్యాబులు నార్మల్ అనే రాస్తాయి. జుట్టు విషయంలో మాత్రం 40 అయినా ఉండాలని చాలామంది చర్మవైద్యులు చూస్తారు. ఐరన్ రాస్తే నిమ్మరసంతో వేసుకో. దానికి అటూ ఇటూ రెండు గంటలు కాఫీ ముట్టుకోకు, నీ కాఫీ పిచ్చి నాకు తెలుసు.

ఊడటం మొదలైన నాటి నుంచి రెండు మూడు నెలలు వెనక్కెళ్ళి చూసుకో. డెంగీ, టైఫాయిడ్, ఆపరేషను, కడుపు మాడ్చుకున్న డైటింగు, ఏదైనా ఉంటే డాక్టరుకి చెప్పు. అలాంటిదైతే చాలావరకు ఆర్నెల్లలో దానంతటదే తగ్గుతుంది. పాపిడి వెడల్పవుతోందా, నెలసరి తప్పుతోందా, గడ్డం మీద వెంట్రుకలొస్తున్నాయా అన్నదీ దాచకు.

నా భయమల్లా ఒకటే. మాడు మండినా, ఎర్రబడినా, ఊడినచోట కుదుళ్ళే కనబడకుండా నున్నగా మెరిసినా, కనుబొమలు పలచబడినా ఒక్కరోజు కూడా ఆగొద్దు. కుదుళ్ళు మచ్చకట్టిపోతే అక్కడ మళ్ళీ జుట్టు రాదు.

జుట్టు పెరగడానికి డాక్టరు మినాక్సిడిల్ అనే మందు రాస్తే మొదటి రెండు నెలల్లో ఇంకాస్త ఎక్కువ ఊడొచ్చు. పాత వెంట్రుకలు కొత్తవాటికి చోటిస్తాయి, అంతే. బెదిరిపోయి ఆపెయ్యకు, నాలుగు నెలలైనా చూడు. పిల్లల కోసం అనుకుంటుంటే మాత్రం అది రాయకముందే చెప్పాలి.

సంక్రాంతికి పూలజడ కుట్టేంతసేపూ బొమ్మలా కూర్చునేదానివి. ఇప్పుడు స్నానాలగదిలో వెంట్రుకలు లెక్కపెట్టుకుని ఏడుస్తున్నావంటే నా ప్రాణం ఉసూరుమంది. లెక్కపెట్టకమ్మా. రోజుకి 100 దాకా ఎవరికైనా ఊడతాయి, తలంటుకున్న రోజు ఇంకా ఎక్కువ కనబడతాయి. దాని బదులు నెలకోసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకి పాపిడి ఫోటో తీసుకో. డాక్టరుకి పనికొచ్చేవి అవే.

రిపోర్టు రాగానే నాకూ పంపు.

మీ పెద్దమ్మ