ఏ బండిని వెనక్కి పంపాలి?

ప్రశ్న: భీమవరంలో రెండేళ్లుగా కారు డీటెయిలింగ్ షాపు, అంటే కార్లు కడిగి పాలిష్ పట్టి మెరిపించే షాపు, నడుపుతున్నాను. ఈమధ్య ఒకాయన తొమ్మిదేళ్ల నల్ల సెడాన్ తెచ్చారు. ఒక్క గీత కూడా కనపడకూడదన్నారు, రంగు మీద గట్టి రక్షణ పొరగా పట్టే సెరామిక్ కోటింగ్ వెయ్యాలన్నారు, ఎల్లుండి పొద్దున్నకల్లా పెళ్లికి బండి కావాలన్నారు. అంతకుముందు రెండు షాపులవాళ్లు చెడగొట్టారట. డబ్బుకి వెనకాడే మనిషి కాదు. ఇలాంటి వాళ్లని ఎప్పుడు వద్దనాలి? ఎలా వద్దనాలి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: వంకలు పెట్టే కస్టమరు వేరు, ఆ రంగు ఇవ్వలేనిది అడిగే కస్టమరు వేరు. మొదటాయన డోరు అంచున మిగిలిపోయిన పాలిష్ చారని కూడా వేలు పెట్టి చూపిస్తాడు. విసుగే, కానీ పని నచ్చితే డబ్బిచ్చి నలుగురికి చెబుతాడు. ఆయన్ని వదులుకోకండి. రెండో ఆయన్ని మాత్రం పాలిష్ రుద్దే బఫింగ్ మిషన్ ప్లగ్గు పెట్టకముందే ఆపాలి. ఎవరు ఏ రకమో మాటల్లో కన్నా బండి మీదే ముందు తెలుస్తుంది.

బండి కడిగి ఆరాక నీడలోకి తెచ్చి, ఎల్‌ఈడీ లైటు ఏటవాలుగా వేసి చూడండి. పెయింట్ మందం కొలిచే మీటరుతో ప్రతి ప్యానెల్ మీదా ఐదారు చోట్ల కొలవండి. కంపెనీ రంగు మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో పైనుండే పారదర్శక పొర, క్లియర్ కోటు, 35 నుంచి 50. మిషన్ తినేది దాన్నే. కొన్ని బండ్లకి మొదట్నుంచీ రంగు పలచగానే ఉంటుంది కాబట్టి ఒక్క అంకె చూసి తేల్చెయ్యకూడదు. రూఫుతో పోల్చండి, దాని జోలికి ఎవరూ పెద్దగా పోరు. రూఫు మీద 115 ఉండి బానెట్ మీద 85 ఉందంటే ఆ రెండు షాపులవాళ్లు చేసిందేంటో అర్థమైపోతుంది. 200 దాటితే మళ్లీ రంగు వేశారని, 500 దాటితే కింద పుట్టీ ఉందని అనుకోండి. ప్లాస్టిక్ బంపర్ల మీద మామూలు మీటరు పనిచెయ్యదు, అక్కడ కంటి చూపే దిక్కు.

గీతల సంగతి. గీత మీద నాలుగు చుక్కల నీళ్లు వెయ్యండి. తడిసినంతసేపూ మాయమైతే అది క్లియర్ కోటులోనే ఉంది, పోయే అవకాశం ఎక్కువ. తడిలోనూ తెల్లగా కనిపిస్తే రంగు దాటి దాని కింది పొర ప్రైమర్ దాకా దిగింది. గోరుతో అడ్డంగా గీరితే గోరు ఇరుక్కునే గీతని కూడా పాలిష్‌తో పూర్తిగా తీస్తానని మాటివ్వకండి. చేతనైతే అంచులు మెత్తబరిచి కళ్లకి ఆనకుండా చెయ్యొచ్చు, అంతే.

ఆ తర్వాత ఆయన్ని పక్కన నిలబెట్టుకుని బానెట్ మీద అడుగున్నర చదరంలో మాస్కింగ్ టేపు అంటించండి. సగం వదిలేసి మిగతా సగం ముందు మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్‌తో రుద్దండి. చాలకపోతేనే ఇంకా గరుకైన పాలిష్, కాంపౌండ్‌కి వెళ్లండి. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కలిపిన నీళ్లతో తుడవడం మరిచిపోవద్దు. పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి అబద్ధం చెబుతాయి. టేపు పీకి, లైటు వేసి, “బండంతా చేస్తే ఇలా ఉంటుందండి, ఇంతకన్నా రాదు” అనండి. ఇదంతా అరగంట పని. ఆయన వంగి చూసి “ఆ మిగిలిన రెండూ పోవా?” అని అడిగి, కారణం విని ఊరుకున్నారా, పని ఒప్పుకోండి. “మీకు చేతకాకపోతే చెప్పండి, ఇంకోచోట పోతాయి” అన్నారా, తాళాలు ఇచ్చెయ్యండి. ఆ మిగిలిన రెండింటి కోసం బానెట్ మడత మీదో, డోరు అంచునో ఇంకో రెండు చుట్లు తిప్పితే క్లియర్ కోటు తెగి లోపలి రంగు బయటపడుతుంది. అంచుల దగ్గర పొర మరీ పలచన, ప్యాడ్ వేడీ అక్కడే చేరుతుంది. బానెట్ మళ్లీ రంగు వేయించే ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

ఇక గడువు. వాష్, ఇనుప రజను కరిగించే ఐరన్ రిమూవర్, అంటుకున్న మురికి లాగే క్లే కలిపి రెండు మూడు గంటలు. సెడాన్‌కి కాంపౌండ్ ఒక చుట్టు ఆరేడు గంటలు, ఫినిషింగ్ నాలుగైదు. తుడిచి కోటింగ్ వెయ్యడం మరో మూడు. ఆపైన కనీసం 24 గంటలు నీళ్లు తగలకూడదు. చాలా సీసాల మీద వారం దాకా కడగొద్దనే రాసుంటుంది. ఎల్లుండికి బండి ఇచ్చినా పెళ్లికి వెళ్లే దారిలో చినుకు పడితే నీటి బొట్ల అచ్చులు నిలిచిపోతాయి. వానాకాలం గాలిలో తేమ కోటింగ్ గట్టిపడే వేగాన్ని మార్చేస్తుంది, తుడవాల్సిన సమయం తప్పితే నల్ల బండి మీద మరకలు మరకలుగా తేలుతుంది, మళ్లీ పాలిషే గతి. కాబట్టి పెళ్లికి ఒక చుట్టు పాలిష్, మీద వ్యాక్స్ అనండి. కోటింగ్ పెళ్లయ్యాక. దీనికి ఒప్పుకోని మనిషి రేపు దేనికీ ఒప్పుకోడు.

ఒప్పుకుంటే మీటరు అంకెలు, పోని గీతల ఫొటోలు, గడువు ఒక కాగితం మీద రాసి సంతకం తీసుకోండి, సగం అడ్వాన్సు పుచ్చుకోండి. ఒక ముక్క తప్పక రాయండి: ఇంట్లో ఏ నీళ్లతో బండి కడుగుతారు? భీమవరం, నరసాపురం వైపు చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఎండలో ఆ నీళ్లతో కడిగి ఆరనిస్తే వారంలో తెల్లచుక్కలు తిరిగొస్తాయి, నింద మాత్రం మీ కోటింగ్ మీద పడుతుంది.

వద్దనేటప్పుడు ధర రెట్టింపు చెప్పి తప్పించుకోవాలని చూడకండి. డబ్బుకి వెనకాడని మనిషి సరేనంటే ఇరుక్కుంటారు. “ఏమీ అనుకోకండి, మీరడిగినట్టు ఈ బానెట్ మీద నేను తేలేనండి. మందం 85 ఉంది, ఇంకా రుద్దితే రంగు పోతుంది. రంగు వేయించుకుంటే నెల ఆగి రండి, కోటింగ్ వేస్తాను” – ఇంతే. అంకె చెబితే మాట మనిషి మీద పడదు. ముందు షాపులవాళ్లని తిట్టడంలో మాత్రం గొంతు కలపకండి, వచ్చే నెల ఇంకో షాపులో మీ పేరూ అలాగే వినిపిస్తుంది.

ప్రశ్న: మావారి షాపు లెక్కలు నేనే చూస్తాను. బంధువులు బండ్లు తెస్తారు, డబ్బు అడగలేం. పైగా మా బావగారు ప్రతిసారీ వంక పెడతారు. ఎలా?
– ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: ఊరికే చేసేది కడగడం, వ్యాక్యూమ్, వ్యాక్స్ వరకే. మిషన్ పెట్టాల్సిన పనికి బిల్లు రాయండి, కావాలంటే తగ్గింపు కూడా అందులోనే చూపించండి. “బావగారూ, కడిగి మెరిపించి ఇస్తాం, రబ్బింగ్ అయితే మాత్రం బిల్లు తప్పదండి” అని మీరు చెప్పడమే మేలు. మీవారి నోట ఆ మాట రాదు.

ప్రశ్న: రొయ్యల చెరువుల ఆయన కారులో ఐసుపెట్టె కారి కార్పెట్ అంతా వాసన. “వాసన పూర్తిగా పోతేనే డబ్బు” అంటున్నారు. పని తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఆకివీడు

జవాబు: ఆ షరతు మీద వద్దు. కార్పెట్ పైపైన షాంపూ పెట్టి సెంటు కొడితే రెండ్రోజులు బాగుంటుంది. మూడోరోజు అద్దాలెత్తి ఎండలో ఆపగానే మళ్లీ గుప్పుమంటుంది. రొయ్య నీళ్లు కార్పెట్ కింది ఫోమ్‌లోకి ఇంకి అక్కడ కుళ్లుతాయి. సీట్లు ఊడదీసి, కార్పెట్ ఎత్తి, ఫోమ్ పిండి చూస్తే గానీ ఎంత పట్టిందో తెలీదు. అందుకే రెండు మెట్లుగా మాట్లాడండి: విప్పి చూసినందుకు ఇంత, శుభ్రం చేస్తే ఇంత. ఫోమ్ చివికిపోయి ఉంటే శుభ్రం మాట వదిలి మార్చమనండి, దాని ధర విడిగా.

సీటు విప్పేముందు బ్యాటరీ నెగెటివ్ తీసి పది నిమిషాలు ఆగండి. సీటు కింద పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. అవి ఊడి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేస్తే డాష్‌బోర్డులో హెచ్చరిక లైటు పడుతుంది, స్కానర్ పెట్టి తీయించాలి. కుళ్లుని కరిగించే ఎంజైమ్ క్లీనర్ ఫోమ్ అడుగు దాకా తడిసేలా పోసి కొన్ని గంటలు ఆరకుండా ఉంచి, వ్యాక్యూమ్‌తో లాగి, ఫ్యాన్లు పెట్టి రెండ్రోజులు ఆరబెట్టండి. తడి ఉండగానే కార్పెట్ మూస్తే రొయ్య వాసన పోయి బూజు వాసన పట్టుకుంటుంది. ఏసీ ఫిల్టరు కూడా మార్చెయ్యండి, లేకపోతే బ్లోయర్ వేసిన ప్రతిసారీ పాత వాసనే కొడుతుంది.