మందు ఆపాక తలలో జివ్వుమంటుంటే, అది జబ్బు తిరగబెట్టడం కాదు

డిప్రెషన్ మందు, టెన్షన్‌కి ఇచ్చిన మందు రెండూ ఆపేశాక తల తిరుగుతోంది, నిద్ర పట్టడం లేదు, ఎలా ఓర్చుకోవాలి అని అడిగారు. ఆ రెండోది ఆల్‌ప్రాజొలామో క్లోనాజెపామో అయితే ఓర్చుకోవద్దు. ఈరోజే డాక్టర్‌తో మాట్లాడండి. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు.

డిప్రెషన్ మందు ఆపితే వచ్చే బాధ నేను అనుభవించిందే. నాది పరాక్సిటీన్ అనే డిప్రెషన్ మందు. "బాగున్నారుగా, ఇక మానేయండి" అన్నారు అప్పటి డాక్టర్. మెల్లగా తగ్గించాలన్న ముక్క చెప్పలేదు. ఆ వారంలోనే విశాఖలో గాజువాక నుంచి మద్దిలపాలెం బస్సులో వస్తున్నాను. ఎన్ఏడీ జంక్షన్ దాటుతుండగా కిటికీ వైపు చూశాను, అంతే, తల లోపల జివ్వుమని కరెంట్ కొట్టింది. తల కదపక్కర్లేదు, కళ్ళు పక్కకి తిప్పితే చాలు, మళ్ళీ జివ్వు. చెమటలు, కడుపులో తిప్పుడు. పక్కసీటు పెద్దావిడ "ఏటైనాది బాబూ, ఈ నీళ్ళు తాగు" అని సీసా చేతిలో పెట్టింది. ముక్కూమొహం తెలియని ఆవిడకున్న కంగారు మందు రాసిన మనిషికి ఉండొద్దా?

ఇంట్లో అందరూ జబ్బు తిరగబెట్టిందనే అన్నారు. కాదు. జబ్బు తిరిగొస్తే మామూలుగా వారాలు పట్టి మెల్లగా వస్తుంది. ఈ బాధ మందు ఆపిన కొద్దిరోజులకే మొదలవుతుంది, జబ్బులో లేని ఈ షాకులూ తల తిరుగుడూ తెస్తుంది, మందు మళ్ళీ మొదలుపెడితే త్వరగా తగ్గిపోతుంది. నాకూ అలాగే తగ్గింది. పరాక్సిటీన్ ఒంట్లోంచి త్వరగా పోతుంది, అందుకే అంత గోల. ఫ్లుఆక్సెటీన్ అనే ఇంకో డిప్రెషన్ మందు వారాల తరబడి ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ.

రెండో డాక్టర్ పాత డోసు మళ్ళీ ఇచ్చి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా తగ్గించారు. మొదటి సగం సులువుగానే పోయింది, చివరి పావు బిళ్ళే ఏడిపించింది. డోసు చిన్నదయ్యేకొద్దీ తగ్గింపు ఇంకా చిన్నదవ్వాలని 2019లో హోరోవిట్జ్, టేలర్ అనే పరిశోధకులు లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో రాశారు. నా ఒళ్ళు చెప్పిందీ అదే. సీఆర్ అని రాసి ఉన్న బిళ్ళని మాత్రం విరవకూడదు, అది నెమ్మదిగా కరగడానికే చేసింది.

మందుల షాపుల మీద కూడా నాకు కోపమే. ఆల్‌ప్రాజొలామ్ షెడ్యూల్ హెచ్1 మందు, అంటే అమ్మకం మీద కట్టుబాట్లున్న మందు. చీటీ చూసి, రిజిస్టర్‌లో రాసి, ఆ రిజిస్టర్ మూడేళ్ళు దాచాలి. మా వీధి చివర షాపులో అడిగితే చాలు, స్ట్రిప్ కత్తిరించి ఇచ్చేస్తారు. వాడకం అలాగే మొదలవుతుంది, ఎలా ఆపాలో చెప్పేవాడు ఉండడు.

పెళ్ళిళ్ళు, పరీక్షలు, నైట్ షిఫ్టులు ఉన్న నెలలో డోసు తగ్గించకండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే అర్ధరాత్రయినా టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి వెళ్ళడానికి మొహమాటం వద్దు. వెళ్ళేటప్పుడు పాత చీటీలు, ఏ మందు ఏ తేదీన ఆపారో రాసిన కాగితం తీసుకెళ్ళండి, డాక్టర్ ముందు అడిగేది అదే.