కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక బొమ్మలు ఒకటేనా?

కాదు, రెండూ ఆంధ్రప్రదేశ్ చెక్క బొమ్మలే అయినా కర్ర వేరు, చేసే పద్ధతి పూర్తిగా వేరు.

విజయవాడ దగ్గరి కొండపల్లిలో వాడేది తెల్ల పొణికి. చాలా తేలికైన మెత్తని కర్ర కాబట్టి ఉలితో చెక్కడం సులువు. కాళ్లు, చేతులు విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. సున్నం పూత ఆరాక కుంచెతో రంగులేస్తారు. అందుకే దశావతారాలు, అంబారీ ఏనుగు లాంటి రూపాలు అక్కడ అంత ముచ్చటగా వస్తాయి.

అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో వాడేది అంకుడు కర్ర. దాన్ని లేత్ అనే తిరిగే యంత్రం మీద తిప్పుతూ మలుస్తారు. ఉదాహరణకు కుంకుమ భరిణె చూడండి: గుండ్రంగా, నున్నగా, అతుకు లేకుండా ఉంటుంది.

ఏటికొప్పాక బొమ్మల మెరుపు పెయింట్ వల్ల వచ్చిందని చాలామంది పొరబడతారు. నిజానికి అది లక్క. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తితే, రాపిడి వేడికి అది కరిగి అంటుకుంటుంది. ఎంత చక్కని పనితనమో!