పెళ్లిచూపులకు ఊ అనే ముందు

చిరంజీవి బాబుకి, జై జినేంద్ర.

నీ ఉత్తరం అందింది. అబ్బాయిని ప్రేమించినవాడు మన జైనుల నిత్య ప్రార్థన నవకార మంత్రం పలకొచ్చా అని అడిగావు. పలకొచ్చు. దానికి అడ్డు చెప్పే అధికారం సంఘానికీ లేదు, మీ నాన్నకూ లేదు. నువ్వు ఇప్పుడు తేల్చుకోవలసింది వేరే: మీవాళ్లు చూసిన ఆ సంబంధానికి పెళ్లిచూపుల్లో కూర్చుంటావా, లేదా? కూర్చోవద్దు. మిగతావి ఎలా ఉన్నా ఈ ఒక్కమాట మాత్రం విను.

మీ అమ్మ ఆకుకూర తరిగే ముందు ఒక్కో ఆకూ వెలుతుర్లో తిప్పి చూస్తుంది, పురుగు నలిగిపోతుందేమోనని. ఆ వంటింట్లో పెరిగినవాడివి. తెలిసి తెలిసి ఒక ఆడపిల్ల బతుకు నలిపెయ్యడం నీవల్ల కాకూడదు. నా ఈడువాళ్లలో కొందరు ఇంట్లో ఒత్తిడికి తలొంచి అలా పెళ్లాడారు. వాళ్ల భార్యలు లోపం తమలోనే ఉందనుకుని ఏటేటా అఠాయీలు, అంటే ఎనిమిది రోజుల ఉపవాసాలు, చేస్తూ చిక్కిపోయారు. గృహస్థులకు చెప్పిన చిన్న వ్రతాల్లో, అంటే అణువ్రతాల్లో అహింస, సత్యం మొదట వచ్చేవి. ఆ రెంటినీ తొక్కి చేసుకున్న పెళ్లితో ధర్మం నిలబడదు.

శాస్త్రం విషయం కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నీమీద ప్రయోగించేది దాన్నే. మన మూలగ్రంథం తత్త్వార్థసూత్రం ఎనిమిదో అధ్యాయంలో స్త్రీవేదం (పురుషుడి మీద కోరిక), పురుషవేదం (స్త్రీ మీద కోరిక), నపుంసకవేదం (ఇద్దరి మీదా కోరిక) అని మూడు రకాల కామాన్ని చెప్పారు. మూడూ జీవిని భ్రమలో పెట్టే మోహనీయ కర్మలోవే. ఆత్మ ఎక్కే పద్నాలుగు మెట్లలో, అంటే గుణస్థానాల్లో, తొమ్మిదోదాని దాకా ఏ జీవికైనా వాటిలో ఏదో ఒకటి పనిచేస్తూనే ఉంటుంది, మీ నాన్నకైనా, నాకైనా. శరీరమూ లోపలి కామమూ తరచుగా కలిసే ఉన్నా, ఒక్కోసారి వేరవుతాయని గోమ్మటసారం అనే గ్రంథంలో నేమిచంద్రాచార్యుడు వెయ్యేళ్ల కిందటే రాశాడు. అంటే నీలాంటివాళ్లు వాళ్లకు తెలియనివాళ్లేం కాదు.

అలాగని శాస్త్రం మనల్ని దీవించిందని ఎవరితోనూ వాదించకు. అది నిజం కాదు. తత్త్వార్థసూత్రం ఏడో అధ్యాయంలో బ్రహ్మచర్యాణువ్రతానికి చెప్పిన అతిచారాల్లో, అంటే వ్రతానికి తగిలే మచ్చల్లో, అనంగక్రీడ (సహజం కాదనే రతి) ఉంది. పెద్దలు దాన్నే ఎత్తి చూపుతారు, చూపనీ. అదే సూత్రంలో ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లు కుదర్చడమూ అతిచారమే, కామంలో మితిమీరిన ఆసక్తీ అతిచారమే. గృహస్థుడంటే లోపాలతో నడిచేవాడే కాబట్టి తప్పులు ఒప్పుకుని సరిదిద్దుకునే ప్రతిక్రమణం పెట్టారు. నీకు కావలసింది ఆ గృహస్థుడి చోటే, అందరితో సమానంగా. అందరికీ ఉన్న కట్టుబాటు నీకూ ఉంటుంది: ఒక్కరితోనే ఉండు, మోసం చెయ్యకు. తన భార్యతోనే తృప్తిపడమనే స్వదారసంతోష వ్రతంలో సారం ఇదేనని నేను నమ్ముతాను. ఇది నా నమ్మకమే, ఏ మహారాజ్ సాహెబూ, అంటే ఏ జైన సాధువూ, చెప్పింది కాదు. చాతుర్మాస్యంలో సాధువులు బసచేసే ఉపాశ్రయానికి వెళ్లి అడుగుతానన్నావు. అడిగితే బ్రహ్మచర్యం పాటించమంటారు, దీక్ష తీసుకుని సన్యాసివి కమ్మనే మాట కూడా రావచ్చు. నిజంగా వైరాగ్యం కలిగితే వేరే సంగతి. సంబంధాలు తప్పించుకోవడానికి మాత్రం దీక్ష తీసుకోకు.

ఇంట్లో చెప్పడం గురించి. ముందు మీ అక్కకు చెప్పు. ఆమె నీ పక్షాన నిలబడితే సగం బరువు దిగుతుంది. పర్యూషణం చివరిదైన సంవత్సరి రోజున అందరూ క్షమాపణలు చెప్పుకుంటారు కదా, అప్పుడైతే అమ్మ మెత్తబడుతుందనుకుంటున్నావు. ఆ రోజు వద్దు. ఇల్లంతా ఉపవాసంతో నీరసించి ఉంటుంది, బంధువులు వస్తూ పోతూ ఉంటారు. పైగా ఆ రోజు క్షమించమని చెప్పే ‘మిచ్ఛామి దుక్కడం’ చెప్పవలసింది చేసిన తప్పుకు. నువ్వు నువ్వుగా ఉండటం తప్పు కాదు. మామూలు ఆదివారం సాయంత్రం, భోజనాలయ్యాక, నాన్న కొట్టు లెక్కల్లో పడకముందు కూర్చో. పెళ్లి చేసుకోనని, ఎందుకు చేసుకోవో, ధర్మం మాత్రం వదలనని చెప్పు. అంతకుమించి ఆ పూట ఏమీ వద్దు.

అమ్మ ఏడుస్తుంది. ఆ తర్వాత చెల్లెలి సంబంధం గురించి, బజారులో కొట్టు పరువు గురించి అడుగుతుంది. ఆ భయాన్ని తేలిగ్గా తీసెయ్యకు, మన సమాజంలో ఒక ఇంటి మాట నాలుగు ఊళ్లకు పాకుతుంది. ఎవరికి ఎప్పుడు చెప్పాలో అమ్మానాన్నలకే వదిలెయ్. పరిచయం లేనివాళ్లకు నువ్వు చాటనక్కర్లేదు. కానీ వాళ్ల పరువు కోసం ఓ అమ్మాయిని తెచ్చుకోనని మాత్రం గట్టిగా నిలబడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తామంటే వెళ్లు, పర్లేదు. ఇది జబ్బు కాదని భారతీయ సైకియాట్రిస్టుల సంఘం 2018లోనే చెప్పింది. దీన్ని మారుస్తానంటూ వైద్యం చెయ్యడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. మారుస్తానన్న డాక్టరు ఎదురైతే లేచి వచ్చెయ్.

చట్టం సంగతి క్లుప్తంగా. 2018 సెప్టెంబరు 6 నుంచి మీ ఇద్దరి బంధం నేరం కాదు. పెళ్లి హక్కు మాత్రం 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇవ్వలేదు. అందుకని వీలునామా రాసుకోండి, జాయింట్ ఖాతా తెరిచి ఒకరినొకరు నామినీగా పెట్టుకోండి. ఖాతాకూ నామినీకీ అడ్డు లేదని 2024లో ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. నువ్వు కట్టే ఇన్సూరెన్సు కాగితాలూ ఓసారి చూసుకో.

నీ స్నేహితుడు జైనుడు కాడని రాశావు. నాతో కాపురముంటున్న మావాడూ కాడు. పొద్దుగూకక ముందే నాకు వడ్డించి, నేను ముట్టని ఉల్లిపాయల పెనం తనకోసం వేరే పొయ్యి మీద పెట్టుకుంటాడు. నా సామాయికం, అంటే ధ్యానం, నడిచే నలభై ఎనిమిది నిమిషాలూ టీవీ జోలికి వెళ్లడు. ఇవన్నీ మొదట్లోనే కూర్చుని మాట్లాడుకున్నాం, మీరూ మాట్లాడుకోండి. నీ నియమాలు అతనిమీద రుద్దకు, అతని కోసం నీవి మానుకోకు. కొలనుపాక జైన గుడికి వెళ్లాలనిపిస్తే ఇద్దరూ కలిసే వెళ్లండి.

అమ్మతో మాట్లాడిన రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్. ఇంట్లో ఉండనివ్వకపోతే తిన్నగా మా ఇంటికి వచ్చెయ్, పై గది ఖాళీగానే ఉంది.

ఆశీస్సులతో,
నీ కాకాజీ