కన్సల్టెన్సీలో చేరవచ్చా?

ప్రశ్న: డాలస్‌లో ఎమ్మెస్ పూర్తయింది. ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పనిచేసే అనుమతి) మొదలై నెల దాటింది, నేరుగా తీసుకునే కంపెనీ దొరకలేదు. వేరే కంపెనీల ప్రాజెక్టుల్లో పెట్టే ఒక కన్సల్టెన్సీ వాళ్లు 80-20 (నాకు 80 శాతం, వాళ్లకు 20) అంటున్నారు, హెచ్‌1బీ వర్క్ వీసాకు వేస్తామంటున్నారు. చేరమంటారా?

జవాబు: చేరండి, కానీ ఆ 80 దేనిమీదో ముందు అడగండి. క్లయింటు గంటకు 90 డాలర్లు ఇచ్చాడనుకోండి. మధ్యలో ఇద్దరు వెండర్లు (మధ్యవర్తి కంపెనీలు) తమ వాటా తీసుకున్నాక కన్సల్టెన్సీ చేతికి 70 వస్తుంది. మీ 80 శాతం ఆ 70 మీదే, అంటే 56. అందులోంచి కంపెనీ కట్టాల్సిన 7.65 శాతం పేరోల్ ట్యాక్సు (సోషల్ సెక్యూరిటీ, మెడికేర్) కూడా మీకే కోసేవాళ్లున్నారు. నిజానికి అమెరికా వచ్చి, వచ్చిన ఏడాదితో కలిపి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు దాటని ఎఫ్‌1 విద్యార్థికి ఓపీటీలో మామూలుగా ఆ పన్నే ఉండదు, మీ వైపూ వాళ్ల వైపూ. పే స్టబ్‌లో (జీతం చీటీలో) సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత కనిపిస్తే ఆ వారమే అడగండి.

లాభం లేదని కాదు. ఇంటర్వ్యూలు వాళ్లే తెస్తారు. రెండేళ్లలో ఒక బ్యాంకు, ఒక ఆసుపత్రి వ్యవస్థ ప్రాజెక్టులు చేసేస్తే చేతికి వచ్చే పని వేరు.

అసలు భయం బెంచ్, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా ఉండటం. ఓపీటీలో ఉద్యోగం లేని రోజులు 90 దాటకూడదు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్ డిగ్రీలకు ఇచ్చే) పొడిగింపు వస్తే మొత్తం 150. మీకు ఇప్పటికే నెల ఖర్చయింది. పొడిగింపులో జీతం లేని ట్రైనింగ్ చెల్లదు. హెచ్‌1బీ వచ్చాక ప్రాజెక్టు లేకపోయినా ఎల్‌సీఏలో (వీసా కోసం కంపెనీ కార్మిక శాఖకు ఇచ్చే దరఖాస్తులో) రాసిన జీతం ఇచ్చి తీరాలి. ఆ ఎల్‌సీఏ కాపీ అడిగి దాచుకోండి. జీతం ఎగ్గొడితే 12 నెలల్లోపు డబ్ల్యూహెచ్-4 ఫారంతో కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. హెచ్‌1బీ ఫైలింగ్, లాయరు ఫీజులు మిమ్మల్ని కట్టమంటే అక్కడే ఆగిపోండి.

రెజ్యూమెలో లేని ఐదేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెడతామంటే మాత్రం వద్దు, ఎంత రేటు చెప్పినా వద్దు. ఆ అబద్ధం వీసా కాగితాల్లోకి ఎక్కిందంటే మోసం కింద శాశ్వతంగా అమెరికా తలుపు మూసుకుపోవచ్చు.

ప్రశ్న: హెచ్‌1బీ మీద కన్సల్టెన్సీలో పనిచేస్తున్నాను. ఏడాదిలోపు మానేస్తే 10,000 డాలర్లు కట్టాలని సంతకం పెట్టించుకున్నారు. ఇప్పుడు క్లయింటే తీసుకుంటానంటున్నాడు.

జవాబు: ముందే మానేసినందుకు హెచ్‌1బీ ఉద్యోగి దగ్గర జరిమానా వసూలు చేయకూడదు. నిజంగా జరిగిన నష్టానికి ముందే ఒప్పుకున్న పరిహారమైతే చెల్లవచ్చు. ఏది ఏదన్నది రాష్ట్ర చట్టాన్ని బట్టి తేలుతుంది, కాబట్టి ఆ కాగితం లాయరుకు చూపించండి. ఈలోగా క్లయింటు మేనేజరును ఒక్కటి అడగండి: వెండరుతో ఉన్న ఒప్పందంలో మనిషిని సొంతంగా తీసుకునే షరతు ఉందా, ఎన్ని నెలల తర్వాత? ఆ గడువు దాటి ఉంటే చాలాసార్లు మీ కన్సల్టెన్సీతో తగువే రాదు.