అమ్మానాన్నల్ని చైనీస్ బఫేకి తీసుకెళ్లే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

అత్తయ్య ఆశీస్సులు. అమ్మానాన్నలకి టికెట్లు బుక్ చేశావని విని ఎంత సంతోషించానో చెప్పలేను. వాళ్లు దిగిన మొదటి ఆదివారమే డాలస్‌లో మీ ఇంటి దగ్గరున్న చైనీస్ బఫేకి తీసుకెళ్తానని, నాన్నకి షుగర్ ఉంది కదా ఏం తినిపించమంటావని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను. ఇక్కడ న్యూజెర్సీలో ఆసుపత్రికి వచ్చే షుగర్ పేషెంట్లకు తిండి గురించి చెప్పడమే నా ఉద్యోగం. ఆ బఫేల గురించి వాళ్లు అడగని ప్రశ్న లేదు.

తీసుకెళ్లు. వద్దని నేనెందుకంటాను? అంత పెద్ద హాల్లో అన్ని రకాలు వరసగా పెట్టి ఉంటే చూసి మురిసిపోతారు. కాకపోతే మొదటి ఆదివారం వద్దు. అక్కడికీ ఇక్కడికీ రాత్రీపగలూ తారుమారై నిద్ర ఉండదు, మాత్రల వేళలు కూడా గాడిన పడవు. ఒక వారం పోనీ. వెళ్లేటప్పుడు కూడా రాత్రికి కాకుండా మధ్యాహ్నం భోజనానికే వెళ్లండి. ధర తక్కువ, పైగా తిన్నాక నడవడానికి పొద్దు ఉంటుంది. శనివారం మాత్రం పెట్టుకోకు, మీ అమ్మ, అదే మా మరదలు, ఆ రోజు నీచు ముట్టదు.

మీ నాన్న, అంటే మా తమ్ముడి సంగతి నాకు తెలుసు కాబట్టి ముందు ఒకటి చెప్తాను. పెళ్లి భోజనంలో ఎంత ఒద్దికగా తింటాడో, డబ్బు కట్టి తినే చోట అంత పట్టుదలగా తింటాడు. డాలర్లని రూపాయల్లోకి మార్చి చూసుకుని "ఇంత పోసి ఇంతేనా తినేది?" అంటాడు. బఫేలో షుగర్ పెరగడానికి ఏ వంటకం కన్నా ఈ గిట్టుబాటు లెక్కే పెద్ద కారణమని నా నమ్మకం. అందుకని ధర ఆయన కంట పడనివ్వకు. చాలా చోట్ల లోపలికి వెళ్లగానే డబ్బు కట్టించుకుంటారు. వాళ్లని టేబుల్ దగ్గర కూర్చోబెట్టి నువ్వొక్కడివే వెళ్లి కట్టేసిరా.

తర్వాత ప్లేటు పట్టుకోకుండా ఉత్త చేతులతో ముగ్గురూ ఒకసారి ఆ వరసలన్నీ చుట్టి రండి. ఇది చాదస్తం కాదు. ఆ ట్రేలు పెట్టే వరస చూడు. సాధారణంగా తెల్లన్నం, ఫ్రైడ్ రైస్, నూడుల్స్, ఎగ్ రోల్స్ లాంటి చవకగా కడుపు నింపేవి ముందుంటాయి. చేపలు, రొయ్యలు, గ్రిల్ చివరికి ఉంటాయి. ప్లేటుతో బయల్దేరిన మనిషి మంచి వస్తువు కనిపించే సరికే సగం ప్లేటు నూడుల్స్‌తో నింపేసుకుంటాడు. ఆకులో వదలకూడదని పెరిగిన వాళ్లం, తీసుకున్నది తినక మానం. కొన్ని చోట్ల వదిలేసిన దానికి అదనంగా డబ్బు వేస్తారు కూడా. ముందే అన్నీ చూసుకుంటే ఏది కావాలో తేల్చుకుని దానికే చోటు ఉంచుకోవచ్చు.

ఇక అసలు విషయం. అక్కడ కూరగాయా, కోడా, చేపా అన్నది రెండో ప్రశ్న. దాని మీద పిండి పూత ఉందా, నూనెలో వేయించారా, పాకంలో దొర్లించారా అన్నది మొదటి ప్రశ్న. జనరల్ సో చికెన్, ఆరెంజ్ చికెన్, సెసమీ చికెన్, స్వీట్ అండ్ సోర్ చికెన్... పేర్లు నాలుగైనా పద్ధతి ఒకటే. కోడిముక్కని కార్న్ ఫ్లోర్‌లో ముంచి, కాగే నూనెలో వేయించి, చక్కెర పాకం లాంటి సాస్‌లో కలుపుతారు. మన జిలేబీ చేసే తీరే అది, మధ్యలో కోడి ఉందన్నదే తేడా. ఎర్రగా నిగనిగలాడుతూ ఉంటాయి కాబట్టి కారంగా ఉంటాయనుకుని తమ్ముడు అటే వెళ్తాడు. ఒక ముక్కని ఫోర్కుతో చీల్చి చూపించు. లోపల తెల్లటి మాంసం వేలి గోరంత, చుట్టూ పూత దానికి రెట్టింపు.

ఇది చైనా వంటని తప్పుపట్టడం కాదు. హునాన్ నుంచి తైవాన్ వెళ్లిన పెంగ్ చాంగ్ క్వెయ్ అనే వంట మాస్టరు 1950ల్లో చేసిన జనరల్ సో చికెన్‌లో తీపి ఉండేది కాదట, పులుపూ కారమూ ఉప్పూ ఉండేవి. 1970ల్లో న్యూయార్క్ చేరాక ఇక్కడి నాలుకల కోసం అందులో చక్కెర చేరింది. ఆరెంజ్ చికెన్ అయితే పాండా ఎక్స్‌ప్రెస్ వాళ్లు 1987లో ఇక్కడే మొదలుపెట్టారు. ఒక్క వడ్డనకి దాదాపు 500 క్యాలరీలు ఉంటాయి, చక్కెర 20 గ్రాములకి అటూఇటూ. ఆడవాళ్లు రోజు మొత్తం మీద పైనుంచి కలిపే చక్కెర 25 గ్రాములు, మగవాళ్లు 36 గ్రాములు దాటొద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్తుంది. ఆ లెక్కన చూసుకో. రుచి చూడాలనిపిస్తే రెండు ముక్కలు వేసుకోమను. బొత్తిగా వద్దంటే మనసంతా దాని మీదే ఉంటుంది.

వాటి బదులు చికెన్ విత్ బ్రకోలీ, పుట్టగొడుగులూ స్నో పీస్ అనే లేత బఠాణీ కాయలూ వేసిన మూ గూ గై పాన్ అనే కోడికూర, అల్లం ఉల్లికాడలతో ఆవిరి మీద ఉడికించిన చేప, ఐసు మీద పెట్టే ఉడికించిన రొయ్యలు చూసుకోండి. రొయ్యల పెంకు వలుచుకుంటూ తినాలి కాబట్టి తిండి వేగం దానంతటదే తగ్గుతుంది. కడుపు నిండిందని మెదడుకి తెలియడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ వ్యవధి ఇలా దొరుకుతుంది. సాస్ ఉన్న కూరలు తీసేటప్పుడు గరిటెని ట్రే అంచుకి ఆనించి ఒక్క క్షణం ఆగితే సాస్ కిందికి జారిపోతుంది. ఆ సాస్‌ని చిక్కబరిచేదీ కార్న్ ఫ్లోరే, అందులో ఉప్పూ ఎక్కువే. దాన్ని అన్నం మీద పోసుకుని పులుసులా కలుపుకోవడం మన అలవాటు. ఆ ఒక్కటి మానితే చాలా తేడా కనిపిస్తుంది.

కూరగాయ అన్న పేరు చూసి మోసపోవద్దని మరదలికి చెప్పు. వంకాయ నూనెని పీల్చేసుకుంటుంది. గార్లిక్ సాస్‌లో మెరిసే ఆ వంకాయ కన్నా బ్రకోలీ నయం. బీన్స్ కూడా చాలా చోట్ల ముందు నూనెలో వేయించే తీస్తారు, ట్రే అడుగున నూనె తేలుతోందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

ప్లేటు ఎలా సర్దుకోవాలంటే, సగం ఆకుకూరలూ కూరగాయలూ, పావు చేపో కోడో, పావు అన్నమో నూడుల్సో. షుగర్ ఉన్నవాళ్లకి మేం చెప్పే లెక్క ఇదే, అదీ తొమ్మిది అంగుళాల ప్లేటుకి. బఫే ప్లేట్లు చాలా చోట్ల అంతకన్నా పెద్దవి, సలాడ్లకి పెట్టే చిన్న ప్లేటు తీసుకోమను. ఒక కప్పు ఉడికిన అన్నంలో దాదాపు 45 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. తమ్ముడికి అర కప్పు చాలు. ఫ్రైడ్ రైస్ కన్నా తెల్లన్నమే మేలు, కనీసం నూనే సోయా సాసూ ఉండవు. అన్నమూ లో మెయిన్ నూడుల్సూ ఎగ్ రోలూ మూడూ ఒకే ప్లేటులో వేసుకుంటే పిండినే మూడుసార్లు తిన్నట్టు. వీటిలో ఏదో ఒకటే.

బీపీ పెంచే ఉప్పు సంగతికొస్తే, మన హైదరాబాద్ చైనీస్‌కి అలవాటుపడ్డ నాలుకలకి ఇక్కడిది చప్పగా, తియ్యగా అనిపిస్తుంది. అప్పుడు టేబుల్ మీద ఉన్న సోయా సాస్ సీసా వంచుతారు. ఒక్క టేబుల్ స్పూన్ సోయా సాస్‌లో 900 మిల్లీగ్రాముల దాకా సోడియం (ఉప్పులో ఉండేదే) ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాములు దాటొద్దంటుంది. అందుకే మీరు కూర్చోగానే ఆ సీసాని పక్క టేబుల్ మీద పెట్టేసి, ఎండుమిర్చి పలుకులూ వెనిగరూ అడిగి తెప్పించు. కారం, పులుపు తగిలితే ఉప్పు లేని లోటు అంతగా తెలియదు. సూప్‌తో మొదలుపెడితే ఆకలి అణుగుతుంది, నిజమే, కానీ అందులోనూ ఉప్పు బాగా ఉంటుంది. చిన్న గిన్నెలో సగం తాగితే చాలు.

అజినమోటో అంటే మరదలికి మహా భయమని నాకు తెలుసు. 1968లో ఒక వైద్య పత్రికలో అచ్చయిన ఉత్తరంతో మొదలైన భయం అది. ఇక్కడ ఆహారాన్నీ మందుల్నీ పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని సురక్షితమైన పదార్థాల్లోనే చేర్చింది. నిజానికి దానిలో సోడియం మామూలు ఉప్పులో ఉండేదానిలో మూడో వంతే. భయపడాల్సింది చక్కెరకీ సోయా సాస్‌కీనూ.

గ్రిల్ ఉంటే మాత్రం వదలొద్దు. పచ్చి కూరగాయలూ మాంసమూ నువ్వే ఒక గిన్నెలో వేసి ఇస్తావు, వంటవాడు నీ ఎదురుగానే పెద్ద పెనం మీద వేస్తాడు. గిన్నె నిండా క్యాబేజీ, ఉల్లి, క్యాప్సికం, పుట్టగొడుగులు, మొలకలు వేసి మీద కాసిని కోడిముక్కలో రొయ్యలో పెట్టు. అతని చేతిలో రెండు మూడు పిచికారీ సీసాలుంటాయి, ఒకదాంట్లో నూనె, మిగతావాటిలో సాస్‌లు. అలవాటు కొద్దీ అన్నీ రెండేసి సార్లు తిప్పి పోసేస్తాడు. గిన్నె ఇచ్చేటప్పుడే నవ్వుతూ "నూనె కొంచెం, తీపి సాస్ వద్దు, వెల్లుల్లి ఎక్కువ" అని చెప్పు. రోజంతా అదే పనిలో నిలబడే మనిషి, మర్యాదగా అడిగితే తప్పకుండా చేస్తాడు. తిన్నాక అతని జాడీలో ఒక డాలరో రెండో వేయడం మరిచిపోకు.

ఒక్క చిక్కుంది. అదే పెనం మీద బీఫూ, పోర్కూ కాలుస్తారు. మనవాళ్లకి పట్టింపు ఉంది కాబట్టి ముందే చెప్పు, పెనం గీకి తుడిచి ఒక పక్కన వేయమని అడుగు. ట్రేల్లో ఉన్నవాటికీ ఇదే జాగ్రత్త కావాలి. బీఫ్ విత్ బ్రకోలీ, చికెన్ విత్ బ్రకోలీ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని గరిటె ఇంకోదాంట్లోకి వెళ్తుంది. ఎగ్ రోల్స్‌లో, డంప్లింగ్స్‌లో, హాట్ అండ్ సోర్ సూప్‌లో తరచూ పోర్క్ ఉంటుంది. ఉత్త కూరగాయల వంటకం అనుకున్న దాంట్లో కూడా ఆయిస్టర్ అనే సముద్రపు ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ పడుతుంది. పేరు రాసిన చీటీ లేని ట్రే కనిపిస్తే అడిగి తెలుసుకున్నాకే అమ్మకి వడ్డించు. క్రాబ్ రంగూన్ చూసి పీత అని సంబరపడొద్దు, అది చాలా వరకు క్రీమ్ చీజ్‌ని పిండిలో చుట్టి వేయించినది.

ట్రేలో పొగలు వస్తున్నవే తీసుకో. వేడి వంటకం 57 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకుండా ఉంచాలన్నది ఇక్కడి నియమం. అంచులు ఎండిపోయి మీద తొరక కట్టినదాన్ని వదిలేసి, లోపలినుంచి కొత్త ట్రే తెచ్చేదాకా ఆగు. సుషీలో పచ్చి చేప ఉన్నవి పెద్దవాళ్లకి పెట్టకు. కోక్ వద్దు, ఒక్క క్యాన్‌లోనే 39 గ్రాముల చక్కెర. చక్కెర వేయని వేడి టీ అడగండి. తీపికి రెండు ముక్కల నారింజో పుచ్చకాయో చాలు.

ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకో. బఫేకి వెళ్తున్నాం కదా అని పొద్దున టిఫిన్ మానేయనివ్వకు. తమ్ముడు వేసుకునే మాత్రలో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ కూడా ఉందేమో పేరు చదివి చూడు. ఉంటే, మాత్ర వేసుకుని భోజనం ఆలస్యం చేసినప్పుడు షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక వస్తాయి. ఆదివారం బయట వరసలో ముప్పావు గంట నిలబడాల్సి రావచ్చు. జేబులో నాలుగు గ్లూకోజ్ బిళ్లలో, చప్పరించే చక్కెర బిళ్లలో ఉంచుకో. ఎక్కువ తింటున్నాం కదా అని అదనంగా ఇంకో మాత్ర వేసుకునే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది, దాన్ని అస్సలు ఒప్పుకోకు. మోతాదు మార్చాలంటే అక్కడి డాక్టరుని అడిగి బయల్దేరమను. విజిటర్ ఇన్సూరెన్స్ చాలావాటిలో ముందునుంచీ ఉన్న జబ్బులకి కవరేజీ అంతంతమాత్రమే. ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సి వస్తే నీకు ఎంత టెన్షనో, వాళ్లకి అంతకు మించి బాధ.

ఇక నీ గురించి. నువ్వు ప్లేట్లు నింపి తెచ్చి వాళ్ల ముందు పెట్టకు. కొడుకు ప్రేమగా తెచ్చిందాన్ని ఏ తల్లీ తండ్రీ వద్దనరు, కడుపులో చోటు లేకపోయినా తినేస్తారు. "ఇంకొంచెం వేసుకో నాన్నా" అని కొసరకు. మొదటి ప్లేటు అయ్యాక పది నిమిషాలు కూర్చుని కబుర్లు చెప్పుకోండి. నీ ఉద్యోగం గురించి, కొత్త ఇంటి గురించి అడగాలని వాళ్లకి ఎంతో ఉంటుంది. ఆ తర్వాత కూడా ఆకలుంటే రెండో ప్లేటు, అదీ గ్రిల్ దగ్గరికే.

ఇంటికెళ్లగానే పడుకోనివ్వకుండా అరగంట మెల్లగా నడిపించు. టెక్సస్ ఎండకి బయట కుదరకపోతే ఏ పెద్ద మాల్లోనో నడవండి. మొదటి ముద్ద తిన్న రెండు గంటలకి వేలు గుచ్చి చూడు. 180 లోపుంటే మంచిది. అంతకన్నా ఎక్కువుంటే కోప్పడకుండా ఏమేం తిన్నారో రాసిపెట్టు, మరోసారి వెళ్లేటప్పుడు పనికొస్తుంది. రాత్రికి ఉప్పు లేని పల్చటి మజ్జిగ, కాస్త కూరగాయల ముక్కలు చాలు. తమ్ముడి షుగర్ మీటరుకి సరిపడే స్ట్రిప్పులు ఇక్కడ దొరక్కపోవచ్చు, ఉన్నన్నాళ్లకీ సరిపడా అక్కడినుంచే తెచ్చుకోమని ఈ రాత్రికే ఫోన్ చేసి చెప్పు. మాత్రలూ డాక్టరు రాసిచ్చిన చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టుకోమను, చెకిన్ పెట్టెలో వద్దు.

మీ అత్తయ్య